దిగుబడి వ్యత్యాసం వెనుక హక్కుల వ్యత్యాసం: సహారా దిగువ ఆఫ్రికా సేద్యంలో మహిళల ఆర్థిక భాగస్వామ్యం

సారాంశం

సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికా దేశాలలో స్త్రీలు నిర్వహించే పొలాల సగటు దిగుబడి, పురుషులు నిర్వహించే పొలాల సగటు దిగుబడి కంటే తక్కువగా నమోదవుతున్నది. ఈ వ్యత్యాసాన్ని నైపుణ్య లోపంగా భావిస్తే శిక్షణ ఒక్కటే పరిష్కారంగా తోస్తుంది. అయితే బుర్కినా ఫాసో, ఘానా, గాంబియా, నైజర్, మలావీ దేశాల క్షేత్ర అనుభవాలు మరొక కారణాన్ని చూపుతున్నాయి. భూమి, ఎరువు, కూలి శ్రమ, సమాచారం, నగదు అనే ఐదింటిపై నిర్ణయాధికారం స్త్రీలకు పరిమితంగా ఉండటమే దిగుబడి తగ్గడానికి ప్రధాన మూలం. ఆ అనుభవాలను సేద్య విజ్ఞాన దృష్టితో సమీక్షించి, విస్తరణ శాస్త్రవేత్తలు తమ పరిశోధన పద్ధతులలో చేసుకోవలసిన మార్పులను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: స్త్రీల సేద్యం, భూహక్కు, శ్రమ విభజన, దిగుబడి వ్యత్యాసం, వ్యవసాయ విస్తరణ, సహారా దిగువ ఆఫ్రికా

పరిచయం

డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్తర్ బోసెరప్ 1970లో వెలువరించిన గ్రంథం, అభివృద్ధి ప్రణాళికలలో స్త్రీల శ్రమకు లెక్క లేకుండా పోతున్నదనే విషయాన్ని తొలిసారిగా విస్తృత చర్చకు తెచ్చింది. నాగలి సేద్యం గల ప్రాంతాలలో దున్నకం పురుషుని పనిగా స్థిరపడగా, చేతిపారతో సాగే ఆఫ్రికా సేద్యంలో అధిక భాగం పని స్త్రీల చేతుల మీదుగానే జరుగుతున్నదని ఆమె వివరించారు. ఆ తరువాతి దశాబ్దాలలో ఆఫ్రికా ఆహారోత్పత్తిలో 60 నుండి 80 శాతం శ్రమ స్త్రీలదే అనే వాక్యం అనేక నివేదికలలో పునరుక్తమవుతూ వచ్చింది.

ఈ సంఖ్యను పొలం స్థాయి లెక్కలతో సరిచూసినప్పుడు చిత్రం కొంత భిన్నంగా కనిపిస్తుంది. ఆరు దేశాల జాతీయ సర్వేల ఆధారంగా పలాసియోస్‌ లోపెజ్, క్రిస్టియాన్‌సెన్, కిలిచ్ అనే పరిశోధకులు 2017లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం పంటల సాగులో స్త్రీల శ్రమ వాటా సగటున సుమారు 40 శాతం. ఈ వాటా ఉగాండాలో 56, టాంజానియా, మలావీలలో 52, నైజీరియాలో 37, ఇథియోపియాలో 29, నైజర్‌లో 24 శాతంగా తేలింది. ఇథియోపియా ఎత్తైన భూములలో ఎద్దుల నాగలితో దున్నడం పురుషుని పనిగా పరిగణించబడటం అక్కడి తక్కువ వాటాకు ఒక కారణం. వంట, నీరు, వంటచెరకు, శిశు సంరక్షణ వంటి పనులు ఈ లెక్కలోకి రావు.

సంఖ్య తగ్గినంత మాత్రాన సమస్య తగ్గినట్లు కాదు. 40 శాతం అనే సగటు కింద 24 నుండి 56 వరకు విస్తరించిన వైవిధ్యం ఉన్నదన్నదే ఇక్కడ గ్రహించవలసిన విషయం. ఒక దేశానికి రూపొందించిన మహిళా రైతు పథకాన్ని మరొక దేశానికి యథాతథంగా తరలిస్తే ఫలించకపోవడానికి మూలం ఈ వైవిధ్యంలోనే ఉన్నది.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023 నివేదిక ప్రకారం సహారా దిగువ ఆఫ్రికాలో ఉపాధి పొందుతున్న స్త్రీలలో 66 శాతం మంది వ్యవసాయ ఆహార వ్యవస్థలపైనే ఆధారపడి ఉన్నారు. పురుషులలో ఈ శాతం 60. సమాన విస్తీర్ణం గల పొలాలను పోల్చినప్పుడు స్త్రీలు నిర్వహించే వాటిలో ఉత్పాదకత 24 శాతం తక్కువగా ఉన్నదని అదే నివేదిక ప్రపంచ స్థాయిలో అంచనా వేసింది. ఈ వ్యత్యాసానికి కారణాలను క్రింది ఉదాహరణలు విశదీకరిస్తాయి.

బుర్కినా ఫాసో: ఒకే ఇల్లు, వేర్వేరు పొలాలు

పశ్చిమ ఆఫ్రికాలోని అనేక సమాజాలలో కుటుంబమంతా కలిసి ఒకే పొలం సాగు చేయదు. ఇంటి పెద్ద ఆధ్వర్యంలోని ఉమ్మడి పొలాలతో పాటు భార్యలకు, పెళ్లికాని యువకులకు విడివిడిగా చిన్న పొలాలు ఉంటాయి. వాటిలో ఏ పంట వేయాలి, వచ్చిన ధాన్యాన్ని ఏమి చేయాలి అనేది చాలావరకు ఆయా వ్యక్తుల నిర్ణయమే. ఈ ఏర్పాటు పరిశోధకులకు అరుదైన అవకాశాన్ని కల్పించింది. ఒకే ఊరిలో, ఒకే ఇంట్లో, ఒకే సంవత్సరంలో, ఒకే పంటను స్త్రీ, పురుషుడు వేర్వేరుగా సాగు చేసినప్పుడు వచ్చే తేడాను కొలవడం ఇక్కడ సాధ్యమైంది.

హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు కేంద్రంగా పనిచేస్తున్న ఇక్రిశాట్ సంస్థ 1980ల తొలి అర్ధంలో బుర్కినా ఫాసోలోని ఆరు గ్రామాలలో పొలం వారీ వివరాలను సేకరించింది. ఆ సమాచారాన్ని ఆర్థికవేత్త క్రిస్టఫర్ ఉడ్రీ విశ్లేషించి 1996లో ప్రచురించారు. ఒకే కుటుంబంలో, అదే సంవత్సరం, అదే పంటకు స్త్రీల పొలాలలో దిగుబడి సుమారు 30 శాతం తక్కువగా ఉన్నదని తేలింది. అందుకు కారణం కూడా అదే సమాచారంలో కనిపించింది. పశువుల ఎరువు దాదాపు మొత్తం పురుషుల పొలాలకే చేరుతున్నది. పురుషుల, పిల్లల శ్రమ కూడా ఆ పొలాలలోనే ఎక్కువగా వినియోగమవుతున్నది.

సేద్య విజ్ఞాన విద్యార్థులకు క్షీణ ప్రతిఫల సూత్రం సుపరిచితమే. ఎరువు అందని నేలకు వేసిన మొదటి బండి ఎరువు ఇచ్చే అదనపు దిగుబడి, ఇదివరకే ఎరువు పుష్కలంగా అందిన నేలకు వేసిన పదవ బండి ఇవ్వదు. కనుక అదే ఎరువును, అదే శ్రమను ఇంటిలోని పొలాలన్నింటికీ సమంగా పంచితే ఇంటి మొత్తం ఉత్పత్తి పెరగాలి. ఉడ్రీ లెక్క ప్రకారం ఆ పెరుగుదల సుమారు 6 శాతం. కొత్త విత్తనం గాని, అదనపు పెట్టుబడి గాని లేకుండా, ఉన్నదానిని సర్దుబాటు చేసినంత మాత్రాన రాగల లాభమది.

ఆ సర్దుబాటు ఎందుకు జరగడం లేదన్న ప్రశ్నకు సమాధానం సేద్యంలో లేదు, హక్కులలో ఉన్నది. తన ఎరువును భార్య పొలానికి తరలిస్తే పెరిగే ధాన్యంపై అధికారం తనది కాదని భర్తకు తెలుసు. పెరిగిన దానిలో ప్రతిఫలం తిరిగి తనకు ఏ రూపంలో వస్తుందన్న హామీ అతనికి లేదు. కుటుంబాన్ని ఒకే మనసుతో నిర్ణయాలు తీసుకునే ఒకే వ్యక్తిగా భావించే ఆర్థిక నమూనాలు ఈ విషయాన్ని చూడలేకపోయాయి.

ఘానా: నేలకు విశ్రాంతినిచ్చే భద్రత

ఘానా దక్షిణ భాగంలోని అక్వాపిమ్ ప్రాంతంలో మొక్కజొన్న, కర్రపెండలం అంతర పంటలుగా సాగవుతాయి. రసాయన ఎరువుల వాడకం స్వల్పం. భూసారం తిరిగి చేకూరడానికి పొలాన్ని కొన్నేళ్లు పడావు పెట్టడమే ప్రధాన పద్ధతి. పడావు కాలంలో పొదలు, గడ్డి పెరిగి సేంద్రియ పదార్థం నేలలో చేరుతుంది. కలుపు విత్తనాల ఉధృతి తగ్గుతుంది. ఎంతకాలం పడావు పెట్టాలన్నది సాంకేతిక ప్రశ్నగానే కనిపిస్తుంది.

మార్కస్ గోల్డ్‌స్టీన్, ఉడ్రీ కలిసి 2008లో ప్రచురించిన అధ్యయనం ఆ ప్రశ్నకున్న రాజకీయ పార్శ్వాన్ని బయటపెట్టింది. అక్కడి భూమి వంశానికి చెందినది; వ్యక్తులకు వంశ పెద్దల ద్వారా సాగు హక్కు లభిస్తుంది. ఖాళీగా ఉన్న పొలాన్ని అవసరం ఉన్న మరొకరికి కేటాయించే అవకాశం ఉంటుంది. స్థానికంగా పదవి, పలుకుబడి ఉన్నవారు తమ పొలాన్ని నిశ్చింతగా పడావు పెట్టగలుగుతున్నారు. అటువంటి పలుకుబడి లేనివారు, వారిలో అత్యధికులు స్త్రీలు, పొలం చేజారుతుందన్న భయంతో విశ్రాంతి కాలాన్ని కుదించుకుంటున్నారు. ఫలితంగా నేల క్రమేపీ నిస్సారమై రాబడి తగ్గుతున్నది. భార్యాభర్తల పొలాల మధ్య లాభంలో కనిపించిన తేడాను పడావు కాలంలోని తేడా చాలావరకు వివరించగలిగింది.

ఇటువంటి చోట పడావు వల్ల కలిగే ప్రయోజనాలపై ఆ స్త్రీకి శిక్షణ ఇవ్వడం వృథా ప్రయాస. పడావు విలువ ఆమెకు తెలియనిది కాదు. పడావు పెట్టిన పొలం తిరిగి తనదే అవుతుందన్న భరోసా లేకపోవడమే ఆమె సమస్య.

గాంబియా: సాగునీరు, చెట్టునీడ

గాంబియా నదీ తీరపు చిత్తడి నేలలలో వరి సాగు తరతరాలుగా మండింకా స్త్రీల వృత్తి. అక్కడి ఆచారం భూమిని రెండు విధాలుగా విభజిస్తుంది. ఇంటి మొత్తానికి చెందిన పొలం ‘మారువో’. దాని పంటపై అధికారం ఇంటి పెద్దది. వ్యక్తికి చెందిన పొలం ‘కమన్యాంగో’. దాని పంటపై అధికారం సాగు చేసిన వ్యక్తిది. చిత్తడి నేలను బాగుచేసి సాగులోకి తెచ్చిన స్త్రీకి దానిపై వ్యక్తిగత హక్కు లభించే సంప్రదాయం ఉండేది.

1980లలో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయంతో జహాలీ పాచార్ నీటిపారుదల పథకం అమలైంది. అంతకుముందరి పథకాలలో స్త్రీలను విస్మరించిన పొరపాటును సవరించాలని, మడులను స్త్రీల పేరిట నమోదు చేయాలని నిర్వాహకులు సంకల్పించారు. కాగితంపై అది నెరవేరింది. ఆచరణలో మాత్రం ఆ మడులు ‘మారువో’ కోవలోకి వెళ్లాయి. ఏడాదికి రెండు పంటలు పండించడానికి కావలసిన శ్రమను ఇంటివారందరి నుండి రాబట్టే అధికారం ఇంటి పెద్దకే ఉండటం ఇందుకు దారితీసింది. స్త్రీల పని దినాలు పెరిగాయి. పంటపై వారి అధికారం తగ్గింది. భూగోళ శాస్త్రవేత్త జూడిత్ కార్నీ ఈ పరిణామాన్ని సవివరంగా నమోదు చేశారు. నాట్లు, కలుపుతీతలలో స్త్రీలు అయిష్టత చూపడం, ఇతరుల వద్ద కూలికి వెళ్లడం, వేతనం కోరడం వంటివి ఆ తరువాత తలెత్తిన వివాదాల రూపాలు.

అదే దేశంలో నదికి ఉత్తర తీరాన స్త్రీలు బావులు తవ్వుకుని కూరగాయల తోటలు వేసి గణనీయమైన రాబడి పొందసాగారు. 1980ల ద్వితీయార్ధం నుండి పర్యావరణ పరిరక్షణ పేరిట వృక్ష సేద్యానికి ప్రోత్సాహం లభించింది. భూయజమానులైన పురుషులు స్త్రీల కూరగాయల మడుల నడుమ మామిడి, నారింజ మొక్కలు నాటారు. కూరగాయలకు స్త్రీలు తోడిపోసిన నీరే ఆ మొక్కలనూ పెంచింది. కొమ్మలు విస్తరించి నీడ కమ్ముకున్నాక కింద కూరగాయల సాగు సాధ్యపడలేదు. రిచర్డ్ ష్రోడర్ అనే పరిశోధకుడు ఈ వివాదాన్ని అధ్యయనం చేశారు. చెట్టు నాటడం అనేది సర్వదా మేలు చేసే పనిగా భావించే సేద్య శాస్త్రజ్ఞులకు ఇది హెచ్చరిక వంటిది. నీడ ఎవరి మడిపై పడుతున్నది, ఫలం ఎవరి ఇంటికి చేరుతున్నది అన్న ప్రశ్నలు కూడా వృక్ష సేద్య రూపకల్పనలో అంతర్భాగమే.

నైజర్: గట్టిపొర నేలలో బెండ, మునగ, రేగు

నైజర్‌లో స్త్రీలకు భూమి లభ్యత మరీ స్వల్పం. మంచి నేల అడిగితే దొరకదు గనుక ఎవరూ సాగు చేయని నేలను అడగడం అనే వ్యూహాన్ని ఇక్రిశాట్ సంస్థ అక్కడ అవలంబించింది. పైపొర గట్టిబారి, వాన నీరు ఇంకక, పంటకు పనికిరాదని వదిలేసిన లాటరైట్ నేలలను గ్రామ పెద్దల సమ్మతితో మహిళా సంఘాలకు కేటాయింపజేశారు.

ఇందులో వాడిన పద్ధతులు సరళమైనవి. గట్టిపొరను ఛేదిస్తూ ‘జాయ్’ అనే చిన్న గుంతలు తవ్వి, వాటిలో సేంద్రియ ఎరువు వేసి, తొలి వానకు బెండ విత్తుతారు. వాలుకు అడ్డంగా అర్ధచంద్రాకారపు కట్టలు వేసి పారే నీటిని ఆపి, అక్కడ అంటు కట్టిన మేలురకం రేగు మొక్కలు నాటుతారు. కందకాలలో మునగను ఆకు కోసం పెంచుతారు. బెండ, మునగాకు, రేగుపండు ఇంటి ఆహారంలో పోషక విలువను పెంచుతాయి. మిగిలినవి సంతకు వెళతాయి. తెలుగు ప్రాంతపు మెట్ట రైతులకు బాగా తెలిసిన ఈ మూడు పంటలూ అక్కడి స్త్రీలకు నగదు మార్గం కావడం గమనార్హం.

ఈ నమూనాలో సాంకేతికత, సామాజిక వ్యూహం పరస్పరం ఆధారపడి ఉన్నాయి. పోటీ లేని నేలను ఎంచుకోవడం వల్ల కేటాయింపుకు అభ్యంతరం రాలేదు. అయితే బాగుపడిన నేలకు విలువ పెరుగుతుంది. విలువ పెరిగిన చోట పోటీ మొదలవుతుంది. గాంబియా అనుభవం దృష్ట్యా, కేటాయింపును ఆరంభంలోనే లిఖితపూర్వకంగా, దీర్ఘకాలానికి, సాక్షుల సమక్షంలో చేయించడం ఇటువంటి పథకాలలో గుంతలు తవ్వడమంత అవసరమైన పని.

మలావీ: వేరుశనగ, శ్రమ కొరత, సమాచార ప్రవాహం

మలావీలో స్త్రీలు నిర్వహించే పొలాల ఉత్పాదకత సుమారు 25 శాతం తక్కువ. కిలిచ్ తదితరులు 2015లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం ఈ వ్యత్యాసంలో 82 శాతాన్ని కొలవదగిన వనరుల తేడాలే వివరిస్తున్నాయి. వాటిలో ప్రధానమైనవి రెండు: అధిక విలువ గల ఎగుమతి పంటలు స్త్రీల పొలాలలో తక్కువగా ఉండటం, ఇంటి వయోజన పురుషుల శ్రమ ఆ పొలాలకు అందకపోవడం. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం తదితర సంస్థలు 2015లో వెలువరించిన నివేదిక, ఈ వ్యత్యాసాన్ని తొలగిస్తే జాతీయోత్పత్తికి చేకూరే లాభాన్ని ఏటా మలావీలో 10 కోట్లు, టాంజానియాలో 10.5 కోట్లు, ఉగాండాలో 6.7 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది.

శ్రమ భారం ఉత్పత్తి నాణ్యతను సైతం ఎలా దెబ్బతీస్తుందో వేరుశనగ చూపుతుంది. మలావీలో వేరుశనగ ప్రధానంగా స్త్రీల పంట. కాయలను చేతితో ఒలవడం వారి పనే. ఎండిన కాయ గట్టిగా ఉండి వేళ్లు నొప్పి పుట్టడం వల్ల కాయలను నీటితో తడిపి మెత్తబరచి ఒలిచే అలవాటు ఏర్పడింది. ఆ తేమలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం వృద్ధి చెంది అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. ఆ గింజలు ఎగుమతికి పనికిరావు. ఇంట తిన్నవారి ఆరోగ్యానికీ హానికరం. తడపవద్దని గోడపత్రిక అంటించినంత మాత్రాన ఈ అలవాటు పోదు. చేతితో తిప్పి ఒలిచే చిన్న యంత్రాన్ని సంఘానికి అందుబాటులో ఉంచితే తడపవలసిన అవసరమే తొలగుతుంది. ఆహార భద్రత, ఎగుమతి ధర, స్త్రీల పని గంటలు అనే మూడు అంశాలకూ ఇక్కడ పరిష్కారం ఒక్కటే.

సమాచార ప్రవాహం విషయంలోనూ మలావీ ఒక పాఠం అందిస్తున్నది. గుంతలలో మొక్కజొన్న విత్తే పద్ధతిని, కంపోస్టు తయారీని తోటి రైతులకు నేర్పడానికి కొన్ని గ్రామాలలో స్త్రీలను, మరికొన్నింటిలో పురుషులను ఎంపిక చేసి బెన్‌యిషాయ్ తదితరులు ప్రయోగం నిర్వహించారు. స్త్రీలు ఆ విజ్ఞానాన్ని చక్కగా నేర్చుకుని నిలుపుకున్నారు. కానీ గ్రామస్థులు వారిని తక్కువ తెలిసినవారిగా భావించి వారి మాటపై తక్కువ శ్రద్ధ చూపారు. ఆదర్శ రైతుగా స్త్రీని నియమించడం అవసరమే కాని, దానితోనే బాధ్యత తీరదని దీని అర్థం. గ్రామపెద్దల బహిరంగ మద్దతు, స్త్రీ పొలంలోనే క్షేత్ర దినోత్సవం జరపడం వంటి చర్యలు తోడైనప్పుడు ఆమె మాటకు విలువ పెరిగే అవకాశం ఉంటుంది.

చట్టం, పట్టా, వివాహ నమోదు

ఆఫ్రికా సమాఖ్య 2003లో మపూటో నగరంలో ఆమోదించి 2005లో అమలులోకి తెచ్చిన మహిళా హక్కుల ఒప్పందం, భూమి వంటి ఉత్పాదక వనరులపై స్త్రీలకు అందుబాటు, నియంత్రణ కల్పించాలని 19వ అధికరణంలోనూ, వారసత్వ హక్కును 21వ అధికరణంలోనూ పేర్కొన్నది. ఈ సూత్రాలు పొలం గట్టు దాకా చేరిన తీరుకు రెండు దేశాలు ఉదాహరణలు.

ఇథియోపియాలో భూమి రాజ్యానికి చెందినది. రైతుకు సాగు హక్కు ఉంటుంది. 1990ల చివర టిగ్రాయ్‌లో ఆరంభమైన ధ్రువీకరణలో హక్కు పత్రం ఇంటి పెద్ద పేరిట జారీ అయ్యేది. తరువాత అమ్హారా తదితర ప్రాంతాలలో భార్యాభర్తల ఇద్దరి పేర్లతో, అమ్హారాలో ఫొటోలతో సహా, ఉమ్మడి పత్రాలు ఇచ్చారు. నాగలి పట్టే ఆచారం లేని ఒంటరి స్త్రీలు తమ పొలాన్ని పాలుకు ఇవ్వవలసి వస్తుంది. పత్రం లేనప్పుడు పాలుదారు పొలాన్ని కాజేస్తాడన్న భయం వారిని వెనుకకు లాగేది. పత్రం చేతికి వచ్చాక టిగ్రాయ్‌లో స్త్రీలు ఇంటి పెద్దలుగా ఉన్న కుటుంబాలు పొలాన్ని కౌలుకు, పాలుకు ఇవ్వడం పెరిగినట్లు హోల్డెన్ తదితరుల అధ్యయనం తెలిపింది.

రువాండాలో 1999 వారసత్వ చట్టం కుమార్తెలకు సమాన హక్కు కల్పించింది. 2009 తరువాత దేశవ్యాప్త భూ నమోదు చేపట్టి కోటికి పైగా కమతాల హద్దులు నిర్ణయించారు. దానికి ముందు జరిగిన ప్రయోగాత్మక నమోదును పరిశీలించిన అలీ, డైనింగర్, గోల్డ్‌స్టీన్ ఒక మేలును, ఒక లోపాన్ని గుర్తించారు. నమోదైన పొలాలలో నేల పరిరక్షణ పనులపై పెట్టుబడి పెరిగింది. స్త్రీలు ఇంటి పెద్దలుగా ఉన్న కుటుంబాలలో ఆ పెరుగుదల మరింత ప్రస్ఫుటం. చట్టబద్ధంగా వివాహం నమోదైన స్త్రీల హక్కు బలపడింది. వివాహ నమోదు లేకుండా సహజీవనం చేస్తున్న స్త్రీల హక్కు మాత్రం బలహీనపడింది. భూహక్కు సంస్కరణ ఫలితం భూమి శాఖ పరిధిలోనే నిర్ణయం కాదని, వివాహ నమోదు వంటి దూరపు వ్యవహారాలపై కూడా ఆధారపడుతుందని ఇది తెలుపుతున్నది.

పొదుపు సంఘాలు, పంట కాలం

నగదు కొరతకు ఆఫ్రికాలో విస్తృతంగా అనుసరిస్తున్న మార్గం గ్రామ పొదుపు, అప్పు సంఘాలు. కేర్ సంస్థ 1991లో నైజర్‌లో వీటిని ఆరంభించింది. 15 నుండి 25 మంది సభ్యులు క్రమం తప్పక వాటాలు కొంటారు. పోగైన సొమ్ము నుండి అప్పులు ఇచ్చుకుంటారు. సుమారు ఏడాది చివర అసలు, వడ్డీ లెక్కగట్టి పంచుకుంటారు. తాళాల పెట్టె తప్ప బయటి పెట్టుబడి ఉండదు. తెలుగు రాష్ట్రాల స్వయం సహాయక సంఘాలతో పోలిక స్పష్టమే అయినా తేడా ముఖ్యమైనది. ఇక్కడి సంఘం పొదుపును నిలుపుకుంటూ బ్యాంకు రుణానికి అనుసంధానమవుతుంది. అక్కడి సంఘం ఏటా పంచుకుని మళ్లీ మొదలుపెడుతుంది.

ఘానా, మలావీ, ఉగాండాలలో కార్లన్ తదితరులు నిర్వహించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఈ సంఘాల వల్ల పొదుపు, రుణ సౌకర్యం, చిన్న వ్యాపారాల స్థితి, స్త్రీల నిర్ణయాధికారం మెరుగుపడినట్లు తేలింది. కుటుంబ వినియోగ వ్యయంలో సగటున మార్పు కనిపించలేదు. సేద్య దృష్టితో చూస్తే పంపకం జరిగే నెల కీలకం. విత్తనం, ఎరువు కొనవలసిన సమయానికి పంపకం జరిగేలా సంవత్సరాన్ని అమర్చుకుంటే ఆ సొమ్ము పొలానికి చేరుతుంది. కోతల తరువాత జరిగితే ఇతర ఖర్చులలో కలిసిపోయే అవకాశం ఎక్కువ.

విస్తరణ పరిశోధనకు సూచనలు

పై అనుభవాల నుండి క్రింది సూచనలు రూపొందుతున్నాయి.

1. సర్వేలో కుటుంబాన్ని కాక, పొలాన్ని, దాని నిర్వాహకులను ప్రమాణంగా తీసుకోవాలి. ఇంటి పెద్దను ఒక్కరినే ప్రశ్నిస్తే భార్య పొలం సగటులో కలిసి అదృశ్యమవుతుంది.

2. పట్టా ఎవరిది, సాగు నిర్ణయం ఎవరిది, పని ఎవరిది, అమ్మకం ఎవరిది అనే నాలుగు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. జహాలీ పాచార్‌లో మొదటి ప్రశ్నకు జవాబు స్త్రీ. చివరి ప్రశ్నకు జవాబు పురుషుడు.

3. కొత్త సాంకేతికతను సిఫారసు చేసే ముందు పని క్యాలెండర్ తయారు చేయాలి. వరుసలలో నాటడం, అదనపు కలుపుతీత వంటివి హెక్టారు దిగుబడిని పెంచవచ్చు. ఆ అదనపు పని దినాలు ఎవరివో, ఆ సమయంలో వారు వదులుకునే పని ఏదో లెక్కలోకి రావాలి.

4. విత్తిన తేదీ, తొలి కలుపుతీత తేదీలను నిర్వాహకుల వారీగా నమోదు చేయాలి. ఉమ్మడి పొలం పని ముగిశాకే తన పొలానికి వెళ్లగలిగే స్త్రీ విషయంలో ఆలస్యమే దిగుబడిని తగ్గించవచ్చు. అటువంటి పొలాలకు స్వల్పకాలిక రకాలు, ఆలస్యపు విత్తనానికి తట్టుకునే రకాలు ప్రయోజనకరం.

5. చెట్లు, నీటిపారుదల, నేల పరిరక్షణ వంటి దీర్ఘకాలిక పెట్టుబడులకు ముందు హక్కు ఒప్పందం కుదరాలి. నేల విలువ పెరిగిన తరువాత ఒప్పందం కుదర్చడం దుస్సాధ్యం.

6. ప్రదర్శన క్షేత్రాలను ఎంపిక చేసేటప్పుడు ఎరువు, కూలీలు సమృద్ధిగా ఉన్న పొలాలకే పరిమితం కారాదు. వనరుల కొరత ఉన్న పొలంలో నిలిచిన సాంకేతికతే విస్తరణకు అర్హమైనది.

ముగింపు

స్త్రీల పొలంలో దిగుబడి తక్కువ అనే వాక్యం పరిశోధన ముగింపు కాదు, ప్రారంభం. బుర్కినా ఫాసోలో ఆ లోటు ఎరువు బండి వెళ్లిన దారిలో ఉన్నది. ఘానాలో పడావు పెట్టలేని భయంలో ఉన్నది. గాంబియాలో పంటపై పోయిన అధికారంలో ఉన్నది. మలావీలో అందని కూలి శ్రమలో ఉన్నది. కారణం చోటు మారినప్పుడల్లా మందు కూడా మారాలి. వీటిలో ఏ ఒక్క చోట కూడా స్త్రీకి సేద్యం తెలియకపోవడం ప్రధాన కారణంగా తేలలేదు. నేలను పరీక్షించి ఏ పోషకం లోపించిందో నిర్ధారించిన తరువాతే ఎరువు సిఫారసు చేయడం సేద్య శాస్త్ర సంప్రదాయం. స్త్రీల ఆర్థిక భాగస్వామ్యం విషయంలోనూ అదే క్రమశిక్షణను పాటించి, ఏ హక్కు లోపించిందో నిర్ధారించిన తరువాతే పథకాన్ని సిఫారసు చేయాలి.

విద్యార్థుల చర్చకు ప్రశ్నలు

1. ఒకే కుటుంబంలోని పొలాల మధ్య ఎరువు పంపిణీ మారితే మొత్తం ఉత్పత్తి పెరుగుతుందనడానికి క్షీణ ప్రతిఫల సూత్రం ఎలా ఆధారమవుతుంది?

2. జహాలీ పాచార్‌లో మడులు స్త్రీల పేరిట నమోదైనా అధికారం మారకపోవడానికి కారణమేమి? ఆ పథకాన్ని తిరిగి రూపొందించవలసి వస్తే ఏ నిబంధన చేర్చాలి?

3. వేరుశనగ కాయలను తడపడం, అఫ్లాటాక్సిన్, స్త్రీల శ్రమ భారం మధ్య సంబంధాన్ని వివరించి, మీ ప్రాంతపు పంటలలో ఇటువంటి ఉదాహరణ ఒకటి గుర్తించండి.

4. రువాండా భూ నమోదు కొందరు స్త్రీల హక్కును బలపరచి మరికొందరి హక్కును బలహీనపరచిన తీరును విశ్లేషించండి.